మాటల ఆదివారం

అక్టోబర్ 1, శుక్రవారం

మాటలు నేర్పే అమ్మాయి ఈ రోజు కూడా వచ్చింది. ఆసుపత్రివాళ్లు పంపుతున్న మనిషి. నా కళ్లజోడుకున్నంత వయసు కూడా ఉండదు. నన్ను అంకుల్ అంటుంది. రేడియోలో ఊరందరి మాటా దిద్దినవాణ్ని పట్టుకుని, మాట ఎలా వస్తుందో చెబుతుంది.

మా ఆవిడ దిండ్లకు ఆనుకుని కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్లో ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. ఆ అమ్మాయి ఒక బొమ్మ చూపించింది. గొడుగు. మా ఆవిడ నోరు తెరిచి "గొ" అంది. ఆగింది.

"గొడుగు" అన్నాను.

"అంకుల్, ఆంటీ వెతుక్కుంటున్నారు. వెతుక్కోనివ్వండి."

"నా దగ్గరున్న మాట కోసం ఆవిడ వెతుక్కోవడం ఎందుకమ్మా?"

"మీ దగ్గరుంటే ఏం లాభం అంకుల్? ఆవిడ నోటికి రావాలి కదా."

వెళ్లేటప్పుడు నన్ను గుమ్మం అవతలికి పిలిచి పాఠం చెప్పింది. పక్షవాతం వచ్చినప్పుడు మాట పడిపోయింది గాని మనిషి బుర్రలో అన్నీ భద్రంగా ఉన్నాయట. మనం అనేది ప్రతి ముక్కా తెలుస్తోందట. మాటలు కూడా లోపలే ఉన్నాయి, బయటికి వచ్చే దారి కూలిపోయింది, ఆవిడే తవ్వుకోవాలి. ఈ కొద్ది నెలల్లో తవ్వుకున్నంతే. ఇంకెవరో అందిస్తూ పోతే ఆ దారి అలాగే మూసుకుపోతుంది.

"ఎంతసేపు పట్టినా మీరు మధ్యలో రాకండి. ఆగండి, అంతే."

ఆగాలట. మా స్టేషన్లో ప్రసారం మధ్యలో మాట ఆగిపోతే దాన్ని గుంట అనేవాళ్లం. గుంట పడితే డ్యూటీలో ఉన్నవాడు సంజాయిషీ రాయాలి. ప్రసంగాల విభాగంలో నా ఉద్యోగమే గుంటలు పూడ్చడం. రికార్డు చేసిన టేపులో దగ్గులూ, నసుగుళ్లూ, సందేహాలూ బ్లేడుతో కోసి అతికించడం ఒక సగం. నేరుగా ప్రసారమయ్యేటప్పుడు వక్త నోరు తెరుచుకుని ఉండిపోతే, ఎదురుగా కూర్చుని ఆ మాటేదో చీటీ మీద రాసి ముందుకు తొయ్యడం మరో సగం. నేనందించిన మాటలతో ప్రొఫెసర్లు శాలువాలు కప్పించుకున్నారు. నా హయాంలో గుంట పడలేదు.

ఆ మాట ఈ పిల్లకి చెబుదామనుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం.

అక్టోబర్ 2, శనివారం

గొడుగు అనలేదు.

అక్టోబర్ 4, సోమవారం

స్టేషన్ నుంచి ఫోన్. ఎవరో కొత్త అధికారి, గొంతులో చక్కెర.

మా కాలంలో వాద్యబృందానికి ఆదివారం సెలవు. పాటలుండేవి కావు. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా మాటలే. ఉదయ ప్రసంగం, ఇంటితోట, పిల్లల కార్యక్రమం, డాక్టరు సలహా, ఉత్తరాలు, మధ్యాహ్నం నాటకం, పుస్తక సమీక్ష, ఇంకా బోలెడు. జనం దాన్ని మాటల ఆదివారం అనేవారు. మెచ్చుకుని అన్నవాళ్లూ ఉన్నారు, తలనొప్పితో అన్నవాళ్లూ ఉన్నారు.

అప్పట్లో టేపుల కరువు. ప్రసారం అయిపోగానే చెరిపేసి దాని మీదే మళ్లీ రికార్డు చేసేవాళ్లం. అలాంటిది ఒక ఆదివారం మొత్తం టేపులు బీరువా వెనక పడిపోయి ఉండగా దొరికాయట. మా స్టేషన్లో ఏదైనా బతికి బట్టకట్టిందంటే అది నిర్లక్ష్యం పుణ్యమే. స్టేషన్ పుట్టినరోజు సందర్భంగా ఈ నెల పదిహేడున ఆ ఆదివారాన్ని పొద్దుటి నుంచి యథాతథంగా వేస్తారట.

"ఆ రోజు నాటకంలో మీ శ్రీమతిగారి గొంతు కూడా ఉంది సార్."

"తెలుసు. ఆ ఆదివారాలు నడిపింది నేనే."

"అవును సార్, అందుకే చేశాను. మధ్యమధ్యలో పరిచయ వాక్యాలు కంచుగారు చెబుతున్నారు. మీరు తప్పకుండా వినాలి సార్."

వినాలట. పెళ్లికొడుకుని పిలిచి, బాబూ నువ్వు భోజనాల దగ్గర కూర్చో, తాళి వేరేవాళ్లు కడతారు అన్నట్టుంది.

అక్టోబర్ 5, మంగళవారం

కంచు గురించి రెండు ముక్కలు రాసి పెట్టుకోవాలి, మరిచిపోకముందే.

అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కంచు మోగినట్టు గొంతు గనక కంచు. ఖాళీ పాత్రే కదా బాగా మోగేది. నాటకాల్లో ఇన్‌స్పెక్టరు, జమీందారు, జడ్జి, అన్నీ వాడే. వాడు పుస్తకం చదవగా నేను చూడలేదు. స్క్రిప్టు కూడా తన డైలాగులే చదివేవాడు, కథేమిటో ప్రసారమయ్యాక మా ఆవిణ్ని అడిగి తెలుసుకునేవాడు. స్టూడియో వసారాలో ఇద్దరూ నిలబడి నవ్వుకుంటూ ఉండేవారు. నేను లెక్కచెయ్యలేదు.

లోకం అంతే. చదివినవాడు చీటీలు రాస్తాడు, చదవనివాడు వాటిని గంభీరంగా పలుకుతాడు.

అక్టోబర్ 7, గురువారం

మాటలమ్మాయికి సంగతి చెప్పాను. తన గొంతు తాను వింటే ఆవిడకి మాట వచ్చేస్తుందని నా నమ్మకం. నూతిలో పడ్డ బిందెకి ఇంకో బిందెని తాడు కట్టి దించినట్టు.

"మంచిదే కావచ్చు అంకుల్. బాధ కూడా పడొచ్చు. ఆంటీని అడిగారా?"

"అడిగాను. సరేనంది."

"ఏమన్నారు సరిగ్గా?"

"సరేనందమ్మా."

ఆ అమ్మాయి మా ఆవిడ వైపు తిరిగి, నెమ్మదిగా అదే ప్రశ్న వేసింది. వేసి కూర్చుంది. ఎంతకీ ఏమీ లేదు. గోడ గడియారం, వీధిలో సైకిల్ బెల్లు. చివరికి నేనే, "చూశావా, మౌనం అర్ధాంగీకారం అన్నారు" అన్నాను. మా ఆవిడ కళ్లు మూసుకుంది.

"ఆంటీ ఏదో మొదలుపెట్టారు అంకుల్" అంది ఆ అమ్మాయి, పుస్తకాలు సర్దుకుంటూ.

నాకేమీ కనపడలేదు.

అక్టోబర్ 9, శనివారం

మరదలు ఫోన్ చేసింది. మా ఆవిడకి ఒక్కతే చెల్లెలు. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైంది, ఇప్పుడు లెక్కలు అడగడానికి నేను దొరికాను.

"బావగారూ, అక్కకి ఫోనివ్వండి."

"ఇస్తే ఏం మాట్లాడుతుంది?"

"మాట్లాడకపోయినా పర్లేదు. ఇవ్వండి."

ఇచ్చాను. ఇద్దరూ ఆ చివరొకరూ ఈ చివరొకరూ ఏమీ అనకుండా కూర్చున్నారు. లైను కట్టయిందేమోనని మధ్యలో తీసుకుని చూశాను. కట్టవలేదు. మరదలి ఊపిరి వినిపించింది.

"మీరెందుకు తీసుకున్నారు బావగారూ?" అంది.

అక్టోబర్ 11, సోమవారం

ఈ రోజు మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

స్టేషన్లో నాకు జరిగిన అన్యాయాలన్నీ వరసగా గుర్తు చేసుకున్నాం. పదోన్నతి ఇవ్వకుండా నా పైన కూర్చోబెట్టిన ఆ పొట్టివాడి సంగతి, నా స్క్రిప్టు మీద తన పేరు వేసుకున్న పండితుడి సంగతి. ఆవిడ అన్నిటికీ నాతో ఏకీభవించింది. కంచు పరిచయ వాక్యాలు చెప్పడం ఆవిడకీ నచ్చలేదు. మధ్యలో "క" అంది. "కంచే కదా, వాడికేం తెలుసు అంటావు" అన్నాను. మళ్లీ "క" అంది, ఎడమచేత్తో కిటికీ వైపు చూపించి. "కిటికీ వెయ్యాలా" అని లేచి వేశాను. తల అడ్డంగా ఊపింది. తెరిచాను. అప్పుడూ ఊపింది. "కాఫీయా? కళ్లజోడా? కాలు లాగుతోందా?"

ఆ తర్వాత ఏమీ అనలేదు. అలిసిపోయి ఉంటుంది. చాలాసేపు మాట్లాడుకున్నాం కదా.

అక్టోబర్ 12, మంగళవారం

కిటికీ బయట కాకి గూడు కట్టింది. ఇవాళ చూశాను.

అక్టోబర్ 14, గురువారం

కంచు వచ్చాడు. పిలవని పేరంటం.

గొంతు పోయింది. గొంతులో ఏదో కోసేశారట, ఇప్పుడు బొంగురుగా, తడి ఇసక మీద పెట్టె ఈడ్చినట్టు మాట్లాడతాడు. పరిచయ వాక్యాలకు వీణ్నెలా పెట్టుకున్నారో నాకర్థం కాలేదు. జాలి కాబోలు. ప్రభుత్వానికి జాలి ఎక్కువ, విచక్షణ తక్కువ.

"ఎలా ఉన్నారు గురువుగారూ?"

"చూస్తున్నావుగా. నిన్ను పిలిచారటగా."

"మీరే చెప్పాలన్నాను నేను. ఇంట్లో పరిస్థితి బాగోలేదుగా, ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దన్నారు."

వాడి మాట నమ్మితే నమ్మినట్టు. నేను నమ్మలేదు.

మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మా ఆవిడ చెయ్యి, ఆ పనిచెయ్యని చెయ్యే, తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. పలకరింపు లేదు, ఓదార్పు లేదు. ఎదురుగోడ చూస్తూ కూర్చున్నాడు, రైలు కోసం కూర్చున్నవాడిలా. నేను రెండుసార్లు ఏదో అందుకోబోతే చూపుడువేలు పైకెత్తాడు. రికార్డింగ్ గదిలో ఎర్రదీపం వెలిగినప్పుడు మేం ఒకరికొకరం చేసుకునే సైగ అది. నా ఇంట్లో నాకు.

చాలాసేపటికి మా ఆవిడ, "నా" అంది. తర్వాత ఇంకా చాలాసేపటికి, "నాటకం."

"అవును" అన్నాడు కంచు. "ఆదివారం."

"నువ్వు."

"నేనూ ఉన్నాను. వెధవ ఇన్‌స్పెక్టర్ని."

మా ఆవిడ నవ్వింది. మూతి ఒక పక్కే లేచింది గాని నవ్వే.

రెండు మాటలు. దానికి వాడేదో కొండ తవ్వినట్టు కళ్లు తుడుచుకున్నాడు. కుర్చీకి చెప్పినా చెప్పేదే ఆ రెండు మాటలూ. ఆ పూట నోరు తిరిగింది, వాడు ఎదురుగా ఉన్నాడు, అంతే.

వాడు వెళ్లాక పక్కన కూర్చుని, "నాటకం, తర్వాత?" అన్నాను. "నాటకం వినాలనుందా? నాటకం రోజులు గుర్తొచ్చాయా? నాటకం..."

గోడవైపు తిరిగింది.

అక్టోబర్ 16, శనివారం

రేడియో తుడిచి, మంచం తలవైపు బల్ల మీద పెట్టాను. మరదలు రేపు వస్తానంది. రావద్దనలేదు.

పుస్తకాల్లో ముసలివాళ్లు జ్ఞానం సంపాదించుకుని చచ్చిపోతారు. నేను చదివినవన్నీ కుర్రాళ్లు రాసినవి కాబోలు.

అక్టోబర్ 17, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే పెట్టాను. కంచు బొంగురు గొంతు ఆ రోజు ఎలాంటి రోజో నాలుగు ముక్కల్లో చెప్పి, "ఆ ఆదివారాలను నడిపించిన వ్యక్తి" అని నా పేరు చెప్పాడు. నడిపించిన అన్నాడు, పోయినవాళ్లకి చెప్పినట్టు. పేరు చెప్పి చావుకబురు చల్లగా చేరవేయడం అంటే ఇదే.

మొదట ఉదయ ప్రసంగం. మితభాషణం గురించి ఒక రిటైర్డ్ జడ్జి. తక్కువ మాట్లాడమని చెప్పడానికి ఆయన ఇచ్చిన సమయానికి రెట్టింపు మాట్లాడాడు, సగం కోసింది నేను. మా ఆవిడకి ఆ సంగతి చెప్పాను. తర్వాత ఇంటితోట. ఆ మనిషి ఇంట్లో పూలకుండీ కూడా లేదు, గులాబీ అంటుకట్టడం పుస్తకంలోంచి చూసి రాసుకొచ్చేవాడు. అదీ చెప్పాను. పిల్లల కార్యక్రమంలో మామయ్య, "బుజ్జాయిలూ" అంటూ కరిగిపోతున్నాడు. మైకు ఆగితే పిల్లల చెవులు మెలేసేవాడు. డాక్టరుగారు పొగతాగడం మానమని సలహా ఇచ్చాడు. స్టూడియోలో ఆయన సిగరెట్టు వాసన మూడో కార్యక్రమం దాకా వదిలేది కాదు.

ఇన్నాళ్లకి వీళ్లందరూ వరసగా నా ముందుకొచ్చారు, తప్పించుకోవడానికి లేకుండా. ఒక్కొక్కడి బండారం ఒక్కొక్కటిగా మా ఆవిడకి విప్పి చెప్పాను. ఆవిడ వింటూనే ఉంది. అన్నం తినిపిస్తూ కూడా చెప్పాను.

తర్వాత ఉత్తరాలు. అది నా గొంతే. శ్రోతలు రాసేవి తక్కువైన వారం నేనే నాలుగు రాసుకుని, నేనే చదివి, నేనే జవాబు చెప్పేవాణ్ని. అందులో మోసం లేదు. జనం ఏం అడుగుతారో జనం కంటే నాకే బాగా తెలుసు. టేపులో ఆ కుర్రాడు ప్రశ్న పూర్తికాకుండానే జవాబు మొదలుపెడుతున్నాడు. చురుకైనవాడు.

నాటకానికి ముందు మరదలు వచ్చింది. చెప్పులు విడిచి, అక్క కాళ్ల దగ్గర మంచం మీద కూర్చుంది.

"ఏం బావగారూ, పొద్దుటి నుంచీ మోగుతూనే ఉందా?"

"మాటల ఆదివారం కదా."

"వీధి చివరికి వినిపిస్తోంది, రేడియోదో మీదో తెలీలేదు."

మళ్లీ కంచు. ఈసారి కొంచెం ఎక్కువే చెప్పాడు. నాటకంలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు, ఒక టెలిఫోన్ ఆపరేటరు. ఆమె తమ్ముడి మీద హత్యానేరం. వాడు దాక్కున్న చోటు నీకు తెలుసా అని ఇన్‌స్పెక్టరు అడుగుతాడు. ఆమె తెలుసు అంటుంది. "ఆ ప్రశ్నకీ ఆ జవాబుకీ మధ్య ఆవిడ ఊరుకున్నారు. ఎంతసేపో నాకు తెలియదు. స్టూడియోలో ఉన్న మేమెవరం ఊపిరి తీసుకోలేదు. నా జీవితంలో నేను చూసిన నటన అదొక్కటే. ఈ టేపులో అది వినపడదు. ఆ రోజుల్లో నిబంధనలు అలాంటివి."

నిబంధనలు అలాంటివే. వాడికి ఊపిరి ఆడలేదు సరే. ఇంట్లో రేడియో ముందు కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది? సెట్టు పాడైందనుకుని నెత్తిన ఒక్కటి వేస్తాడు. అది గుంట. నేను కోసింది గుంటని, నటనని కాదు. ఒక్క ఊపిరంత ఉంచాను కూడా.

నాటకం నడిచింది. మా ఆవిడ గొంతు. ఎంత గట్టి గొంతు, అక్షరం అక్షరం కడిగి ఆరబెట్టినట్టు. "చూడు, నీ గొంతే" అన్నాను. మరదలు నా మోచెయ్యి పట్టుకుంది.

"నీకు తెలుసా?" అని కంచు.

"తెలుసు" అని మా ఆవిడ, వెంటనే. బళ్లో పిల్ల చెయ్యెత్తినట్టు.

బాగానే ఉంది. కథ నడిచిపోయింది. తమ్ముణ్ని పట్టిచ్చేసింది. మా ఆవిడ రేడియోనే చూస్తోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. పళ్లెంలో పెట్టింది తన వాటా ఇంతేనా అని చూసుకునే పిల్లలా చూస్తోంది.

ఆ నాటకం తర్వాత ఏడాదికి ఆవిడ స్టేషనుకి రావడం మానేసింది. ఇంటిపనులు ఎక్కువయ్యాయి. ఇద్దరున్న ఇంట్లో అన్ని పనులేమిటని మరదలు అప్పట్లో అడిగింది. అందరికీ అన్నీ అర్థం కావు.

నాటకం అయి, పుస్తక సమీక్ష మొదలైంది. మా ఆవిడ ఎడమచెయ్యి ఎత్తింది.

"నే" అంది.

"నేను" అన్నాను.

"చె."

"చెప్పు. చెవి నొప్పా? సౌండు తగ్గించనా?"

"బావగారూ, మీరుండండి" అంది మరదలు.

"తనకేదో కావాలి..."

"కావాలనే చెబుతోంది. ఉండండి."

లేచి రేడియో ఆపేసింది, సమీక్షకుడు వాక్యం మధ్యలో ఉండగా. అట్ట వెనకభాగం తప్ప ఏ పుస్తకమూ చదవనివాడు, వాడి విషయంలో నాకు అభ్యంతరం లేదు. కాని ఇంట్లో ఒక్కసారి చప్పుడు పోయేసరికి, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టయింది.

మా ఆవిడ చెయ్యి అలాగే ఎత్తి ఉంది. పెదవులు కదులుతున్నాయి. మెడనరం లేచింది. మరదలు ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చుంది, తొందర లేదు, ప్రోత్సాహం లేదు. స్టేషన్లో అయితే ఆపాటికి ముగ్గురి ఉద్యోగాలు పోయేవి. నా నాలిక మీద పది మాటలున్నాయి. పళ్లు బిగించి పట్టుకున్నాను.

"నేను."

మళ్లీ గుంట. వీధిలో ఎవరో ఎవర్నో పిలిచారు.

"చెల్లి."

మరదలు కదల్లేదు.

"ఇంటికి."

"చెల్లెలు ఇంటికెళ్లాలి, చీకటి పడుతుందంటోంది" అన్నాను. "బస్సెక్కించి రమ్మంటోంది నన్ను."

మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. గట్టిగా. అరచెయ్యి తన గుండెల మీద పెట్టుకుంది. నా వైపు చూసింది. ఈ నెలల్లో నన్ను అలా చూడలేదు, అంతకు ముందు చూసిందేమో నాకు గుర్తులేదు.

"నేను" అంది మళ్లీ, మొదటినుంచి. "చెల్లి. ఇంటికి."

ఆగింది. ఎంతసేపో ఆగింది. ఈసారి నాకు మాట తెలుసు. ముగ్గురికీ తెలుసు. నేను అనలేదు.

"పోతాను."

వాక్యం పూర్తయింది. పక్షవాతం వచ్చాక ఆవిడ చెప్పిన మొదటి వాక్యం. కర్త ఉంది, క్రియ ఉంది, ఎక్కడికో కూడా ఉంది. దిద్దడానికి ఏమీ లేదు.

అక్టోబర్ 18, సోమవారం

కారు వచ్చింది. మరదలే మాట్లాడింది. చీరలు, మందులు, చక్రాల కుర్చీ. మాటలమ్మాయి ఇక అక్కడికే వెళ్తుందట.

"కొన్నాళ్లే బావగారూ. కాస్త మాట కుదుటపడేదాకా."

"నేనేమన్నానని?"

"మీరేమీ అనలేదు" అంది. మందుల సంచీ ముడేసి, "అదీ ఇప్పుడే" అంది. లెక్కల పంతులమ్మ, ఎత్తిపొడుపులో కూడా శేషం మిగల్చదు.

కారులో కూర్చోబెట్టేటప్పుడు మా ఆవిడ నా చొక్కా గుండీ సరిచేసింది, ఎడమచేత్తో. చాలాసేపు పట్టింది. నేను సాయం చేయబోతే చెయ్యి పక్కకి తోసింది.

అక్టోబర్ 19, మంగళవారం

రేడియో పొద్దుటి నుంచి పెట్టే ఉంచాను. పాటలు వేస్తున్నారు.

అక్టోబర్ 22, శుక్రవారం

మాటలమ్మాయి ఫోన్ చేసింది, నేను అడక్కపోయినా. ఆంటీ గొడుగు అన్నారట. కాకి అన్నారట, గూడు అన్నారట, మా ఇంటి కిటికీ దగ్గర చూసిన గూడు గురించి చెప్పారట.

"సంతోషం" అన్నాను.

"మీరొచ్చి చూడండి అంకుల్. ఒకసారి రండి. ఊరికే కూర్చోడానికి."

ఊరికే కూర్చోవడం నా వల్ల కాదని చెప్పలేదు. నడుంనొప్పి అన్నాను.

అక్టోబర్ 24, ఆదివారం

వెళ్లలేదు.

అక్టోబర్ 28, గురువారం

కంచు ఫోన్ చేశాడు. ఆ ఆదివారం గురించి స్టేషనుకు చాలా అభినందనలు వచ్చాయట. గురువుగారూ, ఇదంతా మీ చలవే అన్నాడు. వాడి నోట పొగడ్త కూడా నివాళిలాగే వినిపిస్తుంది. వాడు ఆవిణ్ని చూడ్డానికి వెళ్తున్నాడో లేదో అడగలేదు. అడగకుండా ఉండటానికి చాలా మాట్లాడాను.

అక్టోబర్ 31, ఆదివారం

వెళ్లాను.

మరదలి ఇల్లు రెండో అంతస్తు. ముందు సన్నటి వరండా, గదికి వరండాలోకి ఒక కిటికీ. మా ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది, మంచం మీద కాదు. ఒళ్లు కాస్త తేరుకుంది. నన్ను చూసి తల ఊపింది. మాట్లాడలేదు.

నేను మాట్లాడాను. ఏం మాట్లాడానో ఇప్పుడు రాయడం అనవసరం. ఇంటి విషయాలు, స్టేషన్ విషయాలు. మరదలు కాఫీ తెచ్చి, "అక్కా, తాగుతావా?" అంది.

"ఇప్పుడు వద్దంటోంది" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. అక్కాచెల్లెళ్ల కళ్లు ఒకేలా ఉంటాయని ఇన్నాళ్లకి గమనించాను. మా ఆవిడ ఎడమచెయ్యి చాచి గ్లాసు తీసుకుంది.

కూర్చున్నంతసేపూ ఒక్క అక్షరం అనలేదు. నోరు కూడా తెరవలేదు. ఆ అమ్మాయి ఫోన్లో చెప్పినవన్నీ నన్ను సంతోషపెట్టడానికి చెప్పిందేమో అనుకున్నాను. అలా అనుకోవడం కొంత సుఖంగా కూడా ఉంది.

"తల దువ్వాలి బావగారూ, చీర మార్చాలి. కాసేపు వరండాలో కూర్చోండి" అంది మరదలు.

కూర్చున్నాను. కిటికీ తెర వేసి ఉంది. లోపల దువ్వెన చప్పుడు.

"మెల్లగా" అంది మా ఆవిడ.

"చిక్కు పడింది. ఎన్నాళ్లయిందో సరిగ్గా దువ్వి."

"అక్కడ." గుంట. "కాదు. వెనక."

"ఇక్కడా?"

"ఆ."

ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. రేడియోలో విన్నదీ కాదు. ఒక్కో మాటా చేత్తో తెచ్చి బల్ల మీద పెడుతున్నట్టు, పెట్టి, సరిగ్గా ఉందో లేదో చూసుకుని, రెండోదాని కోసం వెళుతున్నట్టు. మధ్యలో ఆగినచోటల్లా నా నాలిక కదిలింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. వరండాలో ఎదురింటి పిల్ల బట్టలు ఆరేస్తూ నన్ను వింతగా చూసింది.

వాళ్లు ఏవేవో మాట్లాడుకున్నారు. తల నూనె గురించి, కింది వాటాలోవాళ్ల కుక్క గురించి. మా ఆవిడ ఆ కుక్క మొరగడాన్ని ఏదో అంది, నాకు అందలేదు, మరదలు పగలబడి నవ్వింది. పెళ్లయినప్పటినుంచి ఆవిడ హాస్యం ఆడగా నేను వినలేదు. ఆవిడకి హాస్యం తెలియదనే అనుకున్నాను.

తర్వాత దువ్వెన చప్పుడు ఆగింది.

"అక్కా, వచ్చే ఆదివారం కూడా ఆయన్ని రమ్మనమంటావా?"

నేను కుర్చీలోంచి కదలలేదు. ఆ ప్రశ్నకు ఎన్ని జవాబులుంటాయో అన్నీ నాకు తోచాయి. రమ్మను. వద్దు. ఆయనిష్టం. వచ్చి మాత్రం ఏం చేస్తారు. ప్రతిదీ ఆవిడ గొంతులోనే తోచింది. ఏది ఆవిడదో తెలియలేదు.

మరదలు మళ్లీ అడగలేదు. ఎదురుచూస్తోంది. లోపల ఆవిడ వెతుక్కుంటోంది.

నేను లేచాను. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను, కింద వేసుకున్నాను. ఆలస్యమైతే బస్సు తప్పిపోతుందని.

బస్టాపులో ఇంకెవరూ లేరు. చాలాసేపు కూర్చోవలసి వచ్చింది.